ఎస్తేరు వదిన వచ్చిన వానకాలం

మా ఆడబిడ్డ నా మొగుడి కిడ్నీ కోసమే వచ్చిందని నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. తెలిసిపోయిందనే అనుకున్నాను ఆ వానకాలమంతా. అది అనుమానమని ఒక్కనాడు కూడా తోచలేదు. అనుమానించేవాళ్లు ఎవరైనా అంతే కదా, తమకు తెలుసనే అనుకుంటారు.

తొంభై ఆరో సంవత్సరం అది. మా ఊరు జిన్నారానికి నాలుగు కిలోమీటర్లు. చుట్టూ మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు. మాకున్న ఎకరంన్నరకు వాగు నీళ్లే దిక్కు. ఆ నీళ్లు పారితే వరి ఎర్రబడి మాడిపోవడం మొదలయ్యాక, మా ఆయన కొమురయ్య ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద పనికి కుదిరాడు. గుడి పుస్తకంలో ఆయన పేరు యోహాను. ఊళ్లో, కంపెనీలో కొమురయ్యే. పెద్ద పెద్ద కుండల్లాంటి యంత్రాల్లో మందులు ఉడుకుతుంటే మూతలు తీసి, పొడి ఎత్తిపోసే పని. వచ్చే జనవరిలో పర్మనెంటు చేస్తామని చెప్పారు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ పర్మనెంటు కాగితం మీదే మా ఆశంతా పెట్టుకుని ఉన్నాం.

ఎస్తేరు వదిన ఆయనకు అక్క, ఆరేళ్లు పెద్ద. మెదక్‌లో నర్సు చదువు చదివింది. మిషన్ వాళ్లు పంపితే జాంబియా పోయి, అక్కడి మిషన్ ఆస్పత్రిలో పదమూడేళ్లు పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. నా పెళ్లికి కూడా రాలేదు, ఒక ఫొటో పంపింది. తెల్ల గౌను వేసుకుని, చుట్టూ పాతికమంది నల్లటి పిల్లల్ని కూర్చోబెట్టుకుని నవ్వుతున్న ఫొటో. మా అత్త ముత్యమ్మ దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టింది. ఎనిమిదేళ్లు ఆ ఫొటో దుమ్ము నేనే తుడిచాను. మనిషిని మాత్రం ఆ ఆగస్టులోనే మొదటిసారి చూశాను.

పటాన్‌చెరులో బస్సు దిగితే మా ఆయన టెంపో మాట్లాడుకుని తీసుకొచ్చాడు. ఒక నీలం రేకు పెట్టె, ఒక సంచి. ముఖం ఉబ్బి ఉంది. ఒంటి రంగు బూడిద పూసినట్టుంది. నేను లోటా నిండా నీళ్లిస్తే రెండు గుక్కలు తాగి, మిగిలినవి అలాగే పక్కన పెట్టేసింది.

"ఏం వదినా, మా నీళ్లు పడయా?" అన్నాను.

"పడతయి సుమిత్రా. నాకే ఎక్కువ తాగొద్దన్నరు," అంది.

ఆ మాట నేను నమ్మలేదు. దేశాలు తిరిగొచ్చినవాళ్లకు మా బావి నీళ్లు రుచించవనుకున్నాను. నా మనసులో మొదటి ముల్లు అక్కడే దిగబడింది.

రెండో ముల్లు దించింది మా పక్కింటి బక్కమ్మ. బావి దగ్గర బిందె ముంచుతూ, "రెండు కిడ్నీలు పోయినయటనే. మిషనోళ్లు ఇంటికి తోలిండ్రట," అంది. "ఇగ ఎవరిదన్న ఒకటి ఇస్తేనే బతుకట. ఎవరిస్తరు సెప్పు? తోడబుట్టినోడే ఇయ్యాలె. మీ ఆయన బలంగనే ఉన్నడు గద."

బక్కమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. కానీ అబద్ధమాడే మనిషి కాదు. నేను నిండిన బిందెను చంకకెత్తుకోవడం మరిచి నిలబడిపోయాను.

ఇక అప్పటినుంచి చూడటం మొదలుపెట్టాను. చూసేవాళ్లకు కనిపించకుండా ఉంటుందా?

వదిన మంగళవారం, శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి పట్నం ఆస్పత్రికి పోయేది. అక్కడ నాలుగు గంటలు యంత్రానికి కట్టేసి రక్తం కడిగేవారట. సాయంత్రానికి వాడిపోయి వచ్చేది. మిగిలిన రోజుల్లో ఆమె కళ్లు మా ఆయన మీదే. డ్యూటీ నుంచి రాగానే ముఖంలోకి చూసేది. ఒకరోజు ఆయన అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతుంటే, పక్కన కూర్చుని బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కింది. నొక్కి, వేలు తీసి, ఆ చోటే చూస్తూ కూర్చుంది. అంగట్లో ఎద్దును బేరమాడేవాడు పండ్లు పట్టి చూసినట్టు.

"నీ రక్తం గ్రూపేందిరా?" అంది.

"ఏమోనక్కా, నాకెర్క లేదు."

ఇంకో రోజు పెట్టెలోంచి బీపీ యంత్రం తీసి ఆయన చేతికి కట్టింది. చూసి, విప్పి, మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "సుమిత్రా, వానికి తొక్కు పెట్టకు. ఉప్పు జెర తగ్గించు," అంది.

"ఎందుకు వదినా? పనిచేసే ఒళ్లు. ఉప్పు, కారం లేకుంటే ముద్ద దిగుతదా?"

"నేను చెప్తున్న కద. తగ్గించు."

ఎందుకో నాకు తెలియదా? తీసుకోబోయే సరుకు పాడుకాకుండా చూసుకుంటోంది. ఆ రోజు కూరలో పిడికెడు ఉప్పు ఎక్కువే వేశాను. మా ఆయన ఒక్క మాట అనకుండా తిని, చెంబెడు నీళ్లు తాగాడు.

నేనాయన్ని అడగకపోలేదు. ఒక ఆదివారం పొయ్యిలోకి కట్టెలు కొడుతుంటే దగ్గరికెళ్లి అడిగాను.

"మీ అక్క నిన్నేమన్న అడిగిందా?"

"ఏమడిగింది?"

"తెల్వనట్టు మాట్లాడకు. కిడ్నీ."

గొడ్డలి ఆపి నా వైపు చూశాడు. "అడగలే," అన్నాడు.

"అడిగితే?"

"అడిగితే ఇయ్యనా సుమిత్రా? నేను పోరగానిగున్నప్పుడు నన్ను సంకనేసుకొని తిరిగింది. నాయిన సచ్చిపోతే నా సదువుకు పైసలు పంపింది. నేను సదువుకోలే, అది వేరే మాట."

అని మళ్లీ కట్టె మీద గొడ్డలేశాడు. ఈయన అడగకముందే ఇచ్చేసేలా ఉన్నాడు. ఒక కిడ్నీతో ఆ కంపెనీలో బస్తాలెత్తే పని ఎవడిస్తాడు? పర్మనెంటు మాట దేవుడెరుగు. నా పిల్లల సంగతేమిటి? ఈ ఇంట్లో ఆ లెక్క వేసేది నేనొక్కదాన్నే అని తేలిపోయింది.

సెప్టెంబరు నడుమ ఒక మధ్యాహ్నం, నేను దొడ్లో బట్టలు ఆరేసి వస్తున్నాను. లోపలి గదిలో తల్లీకూతుళ్లు తలుపు చేరవేసుకుని ఉన్నారు. వాళ్లలా కూర్చున్నప్పుడల్లా ప్రార్థన చేసుకుంటున్నారనుకునేదాన్ని. ఆ రోజు అత్త ఏడుపు వినిపించి ఆగాను.

"నాది తీస్కో బిడ్డా. నేనింకెన్నేండ్లుంట? నాది తీసి నీకు పెట్టమను."

"నీది పనికిరాదమ్మా. నీకు షుగరున్నది. షుగరున్నోళ్లది తీసుకోరు," అంటోంది వదిన.

"మరెవరిది పనికొస్తది?"

వదిన మెల్లగా, "తోడబుట్టినోళ్లదైతే బాగ కలుస్తదట," అంది.

గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఇంకా విందామంటే చేతిలో బకెట్టు గోడకు తగిలి మోగింది. లోపల మాటలు ఆగిపోయాయి. నేను బకెట్టు కింద పెట్టి, ఏమీ విననట్టు కోళ్లను అదిలించుకుంటూ వెళ్లిపోయాను. నిప్పు లేనిదే పొగ రాదు. ఇప్పుడు నిప్పే కళ్లపడింది.

నాలుగు రోజుల తర్వాత ఇంకోటి చూశాను. పొద్దున మా ఆయన తడక చాటున ఒంటికి పోయి వచ్చాడు, చేతిలో ఒక పాత ప్లాస్టిక్ డబ్బా. దాన్ని వదిన చేతికిచ్చి పనికెళ్లిపోయాడు. వదిన దాంట్లో సన్నటి కాగితపు పట్టీ ఒకటి ముంచి, బయటికి తీసి, తన పెట్టెలోని మందు డబ్బా మీదున్న రంగులతో పోల్చి చూస్తోంది. చూసి, కళ్లద్దాలు పైకి తోసుకుని, మళ్లీ చూసింది. నన్ను గమనించగానే పట్టీని మడిచి చెత్తలో వేసింది.

"ఏంది వదినా అది?"

"ఏం లేదు సుమిత్రా. ఊరికెనే."

ఊరికే ఎవరైనా ఒకరి ఉచ్చలో కాగితాలు ముంచుతారా? ఆ తర్వాత ఇంకో మూడుసార్లు ముంచింది. ప్రతిసారీ మా ఆయన పనికి పోయాక, అత్త నిద్రలో ఉండగా.

అక్టోబరు చివర్లో ఒక మంగళవారం, పట్నం బయలుదేరబోతూ నన్ను పిలిచింది. చేతిలో మూతపెట్టిన గాజు సీసా.

"ఇది కొమురయ్యది. పటాన్‌చెరుల నూరుద్దీన్ లాబుకు ఇచ్చిరా. నేను పొయ్యేటప్పటికి లాబు తెరవడు, పట్నం పొయ్యొచ్చేసరికి మూసేస్తడు. రేపు కాగితం ఇస్తడు, అది నువ్వే తేవాలె."

"ఎందుకు ఇది?"

"వచ్చినంక చెప్త. బస్సుకు టైమయింది." రెండడుగులేసి వెనక్కి తిరిగి, "జెర జాగ్రత్తగ పట్టుకపో," అంది.

ఆమె పోయేదాకా ఆగాను. తర్వాత ఆ సీసాను బొప్పాయి చెట్టు మొదట్లో ఒంపేశాను.

సీసా మార్చడం నాకు కొత్త కాదు. మా ఊళ్లో ఏ ఆడదానికీ కొత్త కాదు. ఏడాదికొకసారి కంపెనీవాళ్లు మెడికల్ పెడతారు. ఎత్తు, బరువు చూసి, ఉచ్చ పరీక్ష చేస్తారు. అందులో ఏదైనా తేడా వస్తే పనివాడిని గేటు బయటే నిలబెడతారు, మళ్లీ లోపలికి రానివ్వరు. అందుకని మగవాళ్లు ముందురోజే ఇంట్లో ఎవరిదో ఒకరిది సీసాలో పట్టుకుని జేబులో వేసుకుపోయేవారు. ఎవరి ఒళ్లు బాగుంటే వాళ్లది. మా మేస్త్రీ యాదన్న అయితే ఐదేళ్లుగా తన కోడలిదే ఇస్తున్నాడని, ఒకసారి కంపెనీ డాక్టరు ఆయన భుజం తట్టి నీది పాతికేళ్ల కుర్రాడి ఒళ్లయ్యా అన్నాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. మా ఆయనకు మూడేళ్లుగా నాదే. అది తప్పని మాలో ఎవరూ అనుకోలేదు. ఓటు చీటీ మీద ఒకరికి బదులు ఇంకొకరు వేలిముద్ర వేసినట్టు, అంతే.

అప్పుడు మంచిది కావాల్సి వచ్చింది. ఇప్పుడు చెడ్డది కావాలి. అది ఇంట్లోనే ఉంది.

"అత్తా, ఈ గిన్నెల జెర ఒంటేలు పొయ్యి. వదిన అడిగింది. నీ షుగరు ఎట్లుందో చూస్తదట," అన్నాను. పాపం, ముసలామె మారు మాట్లాడకుండా పోసింది.

నూరుద్దీన్ పటాన్‌చెరు బస్టాండు వెనక ఒక మడిగెలో కూర్చునేవాడు. తెల్ల గడ్డం, మంచి మనిషి. సీసా మీద పేరు రాసుకుంటూ, "కిస్‌కా అమ్మా? మీ ఇంటాయనదా?" అన్నాడు. అవునన్నాను. మర్నాడు కాగితం ఇస్తూ నా ముఖంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"చక్కెర ఫుల్ ఉన్నది అమ్మా. పరేషాన్ గాకు. మందులున్నయి. జల్దీ మంచి డాక్టరుకు చూపియ్యి."

దారి పొడుగునా బస్సులో నవ్వొస్తుంటే కొంగు అడ్డం పెట్టుకున్నాను. షుగరున్నోళ్లది తీసుకోరు. ఆ మాట ఆమె నోటినుంచి వచ్చిందే.

వదిన కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. నా వైపు చూసింది, గోడవైపు చూసింది. మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఏడుస్తుందనుకున్నాను. నాతో తగువు పెట్టుకుంటుందనుకున్నాను. ఏమీ లేదు. ఆ తర్వాత పదిహేను రోజులు ఇంట్లో ఆమె నన్ను చూడటం, నేనామెను చూడటం. ఒక పొయ్యి దగ్గరే ఉంటాం, ఒక కంచంలోంచే పిల్లలకు తినిపిస్తాం, మాట మాత్రం అవసరానికే. నేను ఏదైనా డబ్బా మూత తీస్తే ఆమె తలెత్తేది. ఆమె పెట్టె తెరిస్తే నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని.

నవంబరు మూడో ఆదివారం మా గుడిలో కోతల పండుగ. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. వరి కట్టలు, మక్క కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. మాకు పంట లేదు గనక నేను గుమ్మడికాయ ఒకటి కొని తీసుకెళ్లాను. అయ్యగారు ప్రార్థన చేస్తూ చేస్తూ, "మన సహోదరి ఎస్తేరమ్మకు ఒక దాతను చూపించుము తండ్రీ, ఆమె కుటుంబంలోనే ఒకరి మనసు కదిలించుము," అన్నాడు.

ఆమెన్ అన్నారు అందరూ. అని, కళ్లు తెరిచి మా ఆయన వైపు చూశారు. గుడి మొత్తం. బక్కమ్మ మా గుడి మనిషి కాదు, వేలానికని వచ్చింది. ఆమె కూడా చూసింది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. వేలంలో మా గుమ్మడికాయను ఎవరు పాడుకున్నారో కూడా చూడకుండా పిల్లల్ని లాక్కుని ఇంటికొచ్చేశాను. దేవుడికి కూడా మా ఆయనే దొరికాడా అని నాకు మండిపోయింది.

మధ్యాహ్నం అందరూ చేరాక వదిన పెట్టె తాళం తీసింది. ఆ కాగితం తెచ్చి, చాప మీద కూర్చున్న మా ఆయన ముందు పెట్టింది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. అత్త మంచం మీద ఒరిగి ఉంది.

"కొమురయ్యా, ఇది నీది కాదు," అంది.

"ఏంది నాది కాదు?"

"నేను నీది నాలుగుసార్లు పరీక్ష చేసిన. నాలుగుసార్లు ఆల్బుమిన్ పోతున్నది. అంటే ఒంట్ల ఉండాల్సిన సత్తువ ఉచ్చల కొట్టుకపోతున్నది. చక్కెర ఒక్కసారి గూడ లేదు. ఈ కాగితంల చక్కెర నాలుగు ప్లస్సులు, ఆల్బుమిన్ లేదు. మనిషి గట్ల మారిపోడు."

అత్త మంచం మీదనుంచి, "చక్కెర నాదేమో బిడ్డా. నువ్వడిగినవని సుమిత్ర గిన్నెల పొయ్యమంటే పోసిన," అంది. ఆమెకు తెలియదు, తెలిసి ఉంటే నన్ను కాపాడేదేమో.

మా ఆయన నా వైపు తిరిగాడు. ఇక దాచేదేముంది.

"అవును, నేనే మార్చిన," అన్నాను. "నా మొగని కిడ్నీ తీస్కపోతవని మార్చిన. వచ్చినకాడికెల్లి చూస్తున్న. కాళ్లు ఒత్తి చూసుడు, ఉప్పు తగ్గించుడు, కాగితాలు ముంచుడు. తోడబుట్టినోళ్లదైతే కలుస్తదన్నవు, నేనీ చెవులతోని విన్న. నీకు దేవుడున్నడు, మిషనున్నది. నాకు ఇద్దరు ఆడపిల్లలు, గీ మనిషి. ఇయ్యను వదినా. సంపినా ఇయ్యను."

తిడితే తిట్టడానికి ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. వదిన తిట్టలేదు.

"సీసా మార్చొచ్చని నీకెట్ల తెలిసింది?" అంది.

ఆ ప్రశ్న నాకర్థం కాలేదు.

"పద్దెనిమిదేండ్ల సంది నర్సును. గిట్ల చేయొచ్చని నాకు తట్టలే. కాగితం చూసినంక గూడ లాబోడు తారుమారు చేసిండేమో అనుకున్న. నీకెట్ల తట్టింది సుమిత్రా?"

నేను మా ఆయన్ను చూశాను. ఆయన చాప అంచున లేచిన గడ్డిపోచను తెంపుతున్నాడు.

"కంపెనీల అందరు చేస్తరక్కా," అన్నాడు తల ఎత్తకుండా. "మెడికలుకు."

"నువ్వు ఎవరిది ఇస్తున్నవు?"

గడ్డంతో నన్ను చూపించాడు.

"ఎన్నిసార్లు ఇచ్చినవు?"

"మూడుసార్లు."

"మొదటిసారి ఎందుకు మార్చవలసొచ్చింది?"

ఆ గడ్డిపోచను వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "మొదటిసారి నాదే ఇచ్చిన. కంపౌండరు పిలిచి, నీ ఉచ్చల ఏందో పోతున్నది, ఎల్లుండి మళ్ల తే, అప్పుడు గూడ గిట్లనే ఉంటే గేటు బయటికే అన్నడు. మేం కల్లు తాగినందుకు అనుకున్నం."

వదిన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మూడేండ్లు," అంది. మాతో అన్నట్టు లేదు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఆ మాట నాకు మెల్లగా అర్థమైంది. మూడేళ్ల కిందట ఎవరో ఒకరు మా ఆయనకు ఒళ్లు బాగాలేదని చెప్పారు. ఆ చెప్పిన నోరు మూయించింది నేను. నా ఒంట్లోది పట్టి ఇచ్చి, ఏమీ లేదని రాయించి, మళ్లీ ఆ ఉడికే కుండల దగ్గరికి పంపాను. ఏడాదికొకసారి, మూడుసార్లు. పంపి, పాసయ్యాడని సంబరపడి, చివరిసారి కోడిని కూడా కోశాను.

గుమ్మంలో కూర్చున్నాను. వదిన లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వనుకున్నదాంట్ల అబద్ధం లేదు," అంది. "అడుగుదామనే వచ్చిన. జాంబియాల విమానం ఎక్కినప్పుడు మనసుల అదే మాట. తమ్ముడు కాదనడని తెలుసు. టెంపోల నా పక్కన కూసున్నడు కద, వాని కండ్ల కింద ఉబ్బు చూసిన. పొద్దుగాల అద్దంల నా మొకం గూడ గట్లనే ఉండె, ఐదేండ్ల కింద. అప్పటికెల్లి అడగబుద్ధి కాలే."

"మరి చెప్పొద్దా వదినా? ఒక్క మాట నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? నిజం తేలకుండ నీ మొగనికి గిట్లున్నదని చెప్తే నువ్వు నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. కిడ్నీ కోసం కొత్త ఎత్తు వేసిందనుకునేదాన్ని.

ఆ మంగళవారం ఆమెతో పాటు మా ఆయన కూడా బస్సెక్కి పట్నం పోయాడు. రక్తం, మూత్రం, స్కానింగు. ఈసారి సీసా ఆయన చేతుల్లోంచి డాక్టరు చేతుల్లోకే పోయింది. ఆ మందుల పొడి వల్లనా, నీళ్ల వల్లనా, పుట్టుకతో వచ్చిందా అని మా ఆయన అడిగితే డాక్టరు గట్టిగా ఏమీ చెప్పలేదు. పని మానెయ్యాలన్నాడు. ఉప్పు మానెయ్యాలన్నాడు. మాత్రలు రోజూ వేసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు లాగొచ్చు, ఆ తర్వాత చూద్దాం అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన మొండికేశాడు. "రెండు నెలలైతే పర్మనెంటు కాగితం వస్తదక్కా. అది రానియ్యి."

"కాగితం వస్తది రా. తీసుకునేతందుకు నువ్వుండవు," అంది వదిన.

డిసెంబరు ఒకటో తారీకున ఆయన పని మానేశాడు. యాదన్న ఇంటికొచ్చి గంటసేపు చెప్పి చూశాడు. పిచ్చోడివి కాకు, మళ్లీ దొరకదు, మెడికల్ కావాలంటే నేను చూసుకుంటానన్నాడు. ఆ మాట వినగానే నేను లేచి యాదన్న చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. వెళ్లిపోయాడు.

వదినకు మాత్రం రోజురోజుకూ సత్తువ తగ్గుతోంది. వారానికి రెండుసార్లు యంత్రం సరిపోవడం లేదన్నారు. ఒక్కతే పోలేకపోతుంటే నేను వెంట పోవడం మొదలుపెట్టాను. క్రిస్మస్‌కు వారం ముందు శుక్రవారం, ఆస్పత్రిలో ఆమె చేతికి గొట్టాలు పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లోంచి రక్తం పోతోంది, ఇంకోదాంట్లోంచి వస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని ఆ ఎర్రటి గొట్టాన్నే చూస్తున్నాను. మూడు రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట అప్పుడు అన్నాను.

"వదినా, నాది తీస్కో."

ఆమె కళ్లు తెరిచింది.

"నా ఒళ్లు బాగున్నది. మూడేండ్లు కంపెనీ డాక్టరే పాసు చేసిండు," అన్నాను. నవ్వించాలనే అన్నాను, నాకే ఏడుపొచ్చింది. "రక్తం కలుస్తదో లేదో చూడమను. కలిస్తే తీస్కో. నేను చేసినదానికి నేనే ఇయ్యాలె."

వదిన చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి.

"మంచిగ ఆలోచించే అంటున్నవా?"

"ఆలోచించిన."

గొట్టాలు లేని చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"నాకొద్దు," అంది. "దాన్ని పెట్టుకో. ముందు ముందు కొమురయ్యకు కావాల్సొస్తది. అప్పుడు వానికి ఎవరున్నరు? నాది పాడు, అమ్మది పాడు. ఉన్నది నీ ఒక్కదానిదే. నాకిచ్చి నువ్వు ఖాళీ అయితే వాడేం గావాలె?"

వద్దు వదినా, తీసుకో అని ఇంకొక్కసారి అని ఉండాల్సింది. రెండుసార్లు అని ఉండాల్సింది. నాకు నోరు రాలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. నిమ్మళం. ఒంటి మీదినుంచి బరువు దించినట్టు నా భుజాలు వాటంతట అవే వాలాయి. ఇన్నేళ్లయింది, ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

వదిన అది చూసింది. మనుషుల ముఖాలు చూసి జబ్బులు చెప్పే మనిషి, చూడకుండా ఎట్లా ఉంటుంది? చూసి, నా చెయ్యి వదలకుండానే కళ్లు మూసుకుంది.

"నువ్వు ఇంటికి పో సుమిత్రా. వాడు మాత్ర ఏసుకోలేదేమో చూడు. నాకింక రెండు గంటలు పడ్తది," అంది.

నేను లేచి వచ్చేశాను.